ఎవరి జెండా వాళ్ళదే

దుర్గాప్రసాద్‌ని నీళ్ళలోంచి బయటికి లాగేసరికి అతని సిలిండర్‌లో ఇంకా నూట డెబ్బై బార్ల ఒత్తిడితో గాలి ఉంది.

మనిషి మాత్రం ఊపిరాడక చచ్చిపోయాడు.

గోవింద్‌పూర్ దాటి పన్నెండు కిలోమీటర్లు వెళ్తే వచ్చే పాత రాతి క్వారీ అది. తవ్వకాలు ఆగి ముప్ఫై ఏళ్ళయింది. ఊటా వాన నీళ్ళూ చేరి ముప్ఫై రెండు మీటర్ల లోతున నల్లటి గుంట తయారైంది. దాని ఒడ్డున రెండేళ్ళ క్రితం 'పాతాళ్ డైవర్స్ క్లబ్' అని బోర్డు కట్టిన సౌరభ్, గురువారం పొద్దున్న పోలీసుల ముందు కళ్ళు తుడుచుకుంటూ ఒకటే మాట చెప్పాడు.

"ప్యానిక్ అయిపోయాడు సార్. సిలిండర్ నిండా గాలే ఉంది, చూడండి. కొత్తవాళ్ళు ఇలాగే కంగారుపడిపోతారు."

పోలీసులు గేజ్ చూశారు, ప్రమాదం అని రాసుకున్నారు, వెళ్ళిపోయారు. దుర్గాప్రసాద్ నౌకాదళంలో తొమ్మిదేళ్ళు డైవర్‌గా చేసి రహస్య విభాగంలోకి వచ్చినవాడని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

శనివారం పదింటికి టాటానగర్‌లోని సిద్ధగోరా పేటలో, వాషింగ్ మెషీన్లు బాగుచేసే షాపు వెనక గదిలో, ఏజెంట్ బిందుప్రియ ఆ సిలిండర్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. విభాగంలో ఆమె కోడ్ నేమ్ లకుముకి. వయసు ముప్ఫై నాలుగు. టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. నీళ్ళలో ఎంత నెమ్మదో, ఒడ్డు మీద నోరు అంత దురుసు. ఎదురుగా చీఫ్ వెంకటరావు, అప్పటికే విసుగ్గా, వాచీ చూసుకుంటున్నాడు.

"బయటికి తీశాక వాల్వ్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు."

ఆమె నాబ్ పట్టుకుని మూసే వైపు తిప్పింది. పావు చుట్టు తిరిగి ఆగిపోయింది.

"హత్య సార్."

"ఆ పావు చుట్టు చూసి తేల్చేశావా?"

"అవును. వాల్వ్ ఇంత తెరిచి ఉంటే ఒడ్డు మీద అంతా బాగానే ఉంటుంది. ముల్లు నిండుగా చూపిస్తుంది, గాలి వస్తుంది. ముప్ఫై మీటర్ల కిందికి వెళ్ళాక ఒక్కో ఊపిరికి నాలుగింతల గాలి కావాలి. ఆ సందులోంచి అంత రాదు. నిండు సిలిండర్ వీపున కట్టుకుని చావాలి."

"అతనే సరిగ్గా తెరుచుకోలేదేమో."

"దుర్గాప్రసాదా? టీ కప్పు కూడా బోర్లించి చూసుకుని తాగేవాడు. చివర్లో వాడి సిలిండర్ మీద చెయ్యి వేసిందెవరో చెప్పండి."

వెంకటరావు వాచీ మీంచి చూపు తీశాడు. "రీనా. కానీ రీనా మన మనిషి."

"మీ మనిషి," అంది బిందుప్రియ.

రీనా ఆ క్లబ్‌లో ఇన్‌స్ట్రక్టర్. సిద్ధగోరా పిల్లే. ఆమె డైవింగ్ సూట్‌లో ఒడ్డు మీద నడుస్తుంటే చూడ్డానికి ఆదివారాలు ఏటి అవతల మాంగో పేట నుంచి కుర్రాళ్ళు ఆటోలు కట్టించుకుని వస్తారు. సౌరభ్ ఒక విదేశీ ముఠాకి పనిచేస్తున్నాడని విభాగానికి ఉప్పందించిందీ ఆమే. అందుకే ఆమె మీద చిన్న మాట పడినా వెంకటరావుకి ఒళ్ళు మండుతుంది.

"బ్రీఫింగ్ వింటావా, గొడవ పడతావా?"

"రెండూ చేస్తాను. చెప్పండి."

సరిహద్దు అవతల పనిచేస్తున్న మన ఏజెంట్లు నలభై రెండు మంది. వాళ్ళ పేర్లూ చిరునామాలూ ఉన్న మెమరీ చిప్ ఒకటి దొంగిలించబడింది. సౌరభ్ దాన్ని స్టీలు క్యాప్సూల్‌లో పెట్టి క్వారీ అడుగున ఎక్కడో దాచాడు. అడుగునంతా తుప్పు పట్టిన యంత్రాలు, చీకటి. చోటు అతనొక్కడికే తెలుసు. దుర్గాప్రసాద్‌ని పంపింది దాన్ని వెతకడానికే. రేపు ఆదివారం, సాయంత్రం నాలుగింటికి బేరగాడు కారులో వస్తాడు. దానికి ముందు సౌరభ్ నీళ్ళలోకి దిగి క్యాప్సూల్ పైకి తెస్తాడు. నాలుగు దాటితే ఆ నలభై రెండు ఇళ్ళ తలుపులూ శత్రువులు ఒక్కొక్కటిగా తడతారు.

"మొన్నటి చావు తర్వాత ఊళ్ళోవాళ్ళ కళ్ళు క్లబ్ మీదే ఉన్నాయి. పక్కన కస్టమర్ ఉంటే మామూలు డైవ్‌లా కనిపిస్తుందని రీనా అతణ్ణి ఒప్పించింది. ఆ కస్టమర్‌వి నువ్వే. పేరు సింధు. నాలుగు లక్షల మంది ఫాలోయర్లున్న వ్లాగర్. భయం తెలీదు, రూల్స్ అంటే పడవు. ఇదిగో కెమెరా. దీంట్లో ట్రాన్స్‌మిటర్ ఉంది, నీ ప్రతి కదలికా నాకు లైవ్‌లో వస్తుంది."

"నీళ్ళ కింద రేడియో పనిచేయదు సార్."

వెంకటరావు కెమెరా వైపు చూశాడు. దాన్ని కొనడానికి అతను సంతకం పెట్టి నెల కూడా కాలేదు.

"అయితే సిగ్నల్?"

"నా దగ్గర మార్కర్ బుడగ ఉంటుంది. నారింజ రంగుది, మనిషంత పొడుగు. గాలి ఊది వదిలితే పైకి తేలుతుంది. అది కనిపించగానే దారి మూసేయండి. కోడ్ వర్డ్ ఎర్రజెండా."

"సరే. సౌరభ్ బతికినా చచ్చినా నాకు అనవసరం. క్యాప్సూల్ కావాలి. నచ్చకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకర్ని పంపుతాను."

"ఎవర్ని పంపుతారు? డైవింగ్ వచ్చిన రెండోవాడు మొన్నే చచ్చిపోయాడు."

ఆమె తలుపు దాకా వెళ్ళాక వెంకటరావు వెనక నుంచి అన్నాడు. "మాంగో వెళ్తున్నావా? మీ నాన్నగారికి నా పేరెత్తకు."

దానికో కారణం ఉంది. ఎనిమిదేళ్ళ క్రితం బిందుప్రియని విభాగంలోకి తీసుకునేటప్పుడు ఆమె తండ్రితో మాట్లాడదామని వెంకటరావు హెల్మెట్ లేకుండా స్కూటర్ మీద మాంగో వెళ్ళాడు. గోవిందరావు అతణ్ణి, హెల్మెట్ ఏదని, గుమ్మం బయటే గంటన్నర నిలబెట్టి చివాట్లు పెట్టాడు. నేను కేంద్ర ప్రభుత్వ ఆఫీసర్ని అని వెంకటరావు నసిగితే, తన జెండా ఉన్నంతసేపూ రైల్వే పెద్దసారు స్పెషల్ రైలుని నలభై నిమిషాలు నిలబెట్టిన కథ మొదట్నించీ వినిపించాడు. అప్పట్నించి మన చీఫ్‌గారు మాంగో వెళ్ళే ఏటి వంతెన దాటితే ఒట్టు.

గోవిందరావు ముప్ఫై ఆరేళ్ళు రైలు పెట్టెల కింద దూరి బ్రేకులూ బోల్టులూ చూసిన ఫిట్టర్. పెట్టె కిందికి వెళ్ళేముందు రైలుకి రెండు చివరలా ఎర్రజెండా పాతాలి. జెండా ఉన్నంతసేపూ ఏ డ్రైవరూ బండి కదపకూడదు. ఎవరు పాతిన జెండా వాళ్ళే తీయాలి. పక్కవాడు తీశాడా, కింద ఉన్నవాడి పని అయిపోయినట్టే. రిటైరై పదకొండేళ్ళయినా ఆయన ఇంట్లో గ్యాస్ స్టవ్ నాబ్ కూడా ఎవరు తిప్పితే వాళ్ళే కట్టేయాలి.

"ఏటి, మళ్ళీ ఎక్కడికో ఎల్తన్నావా?" అన్నాడు కూతుర్ని చూసి.

"ఒక్క రోజు పని నాన్నా. నీ పాత జెండాలోంచి ఒక పీలిక కావాలి."

"జెండా సింపమంటావా?"

"చిరిగిందేగా అది."

"సిరిగిన జెండాకే ఇంజన్లు ఆగినాయి. దేనికి?"

"నీళ్ళలోకి దిగాలి. కూడా వచ్చేవాళ్ళు మంచోళ్ళు కాదు."

గోవిందరావు ట్రంకు పెట్టె తెరిచాడు. కత్తెరతో మూరెడు పీలిక కత్తిరిస్తూనే పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"సామాను ఎవలు సూసుకోవాల?"

"నేనే."

"ఇంకోడు సూసినాను, సబ్ ఠీక్ హై అన్నాడనుకో?"

"మళ్ళీ నేనే చూసుకోవాల."

"ఆ. ఇంకోడి మాట మీద బండి కిందకి దూరినావంటే నువ్వు నా కూతురివి కావు." పీలిక చేతికిచ్చి, అడక్కుండానే వరహాలు కథ ఎత్తుకున్నాడు.

వరహాలు అనే ఫిట్టర్ దొంగ రిపోర్టు రాసి గోవిందరావుని మూడు నెలలు సస్పెండ్ చేయించాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వరహాలు జెండా పాతడానికి బద్ధకించి అలాగే పెట్టె కిందికి దూరాడు. షంటింగ్ ఇంజను వెనక్కి వస్తోంది. అది చూసినవాడు గోవిందరావు ఒక్కడే. తన జెండా పట్టుకుని పట్టాల మీదికి పరిగెత్తాడు.

"ఆడు నా సెత్రువే. అయితే ఏటి? సూడకపోతే వేరే మాట. సూసినాక ఊరుకుంతే ఆ సావు నాదే గదా."

"ఆ వరహాలే నీ మీద ఇంకో కంప్లైంటు పెట్టాడు కదా. హడావిడిలో వాడి టిఫిన్ డబ్బా తొక్కేశావని."

"పెట్టినాడు. ఎదవ," అన్నాడు గోవిందరావు, ఏమాత్రం పశ్చాత్తాపం లేకుండా.

బిందుప్రియకి ఆ కథ చిన్నప్పట్నించీ నచ్చదు. అందులో మంచి చేసినవాడికి ఏమీ దక్కదు.

ఆదివారం రెండున్నరకి జుట్టులో ఊదారంగు పాయ, ముఖం సగం కప్పే గాగుల్స్, చేతిలో కెమెరా కర్రతో 'సింధు' క్లబ్‌లో దిగింది.

గేటు మీద పెద్ద అక్షరాల్లో 'మీ భద్రత మా బాధ్యత' అని రాసి ఉంది. లోపలికి వెళ్ళగానే సంతకం పెట్టమని ఇచ్చిన ఫారంలో తొమ్మిదో కాలమ్ ఇలా ఉంది: 'నా పరికరాలన్నిటినీ నేనే స్వయంగా తనిఖీ చేసుకున్నాను. నా ప్రాణానికి నేనే బాధ్యత వహిస్తాను.' గేటు దగ్గర ఇచ్చిన మాటని టేబుల్ దగ్గర వెనక్కి తీసుకునే పద్ధతి చూసి ఆమెకి ఒళ్ళు మండింది. అయినా వ్లాగర్ సింధు ఫారాలు చదవదు. ఇకిలిస్తూ సంతకం పెట్టేసింది.

"మేడమ్, ఇక్కడ గుప్‌చుప్ దొరుకుతుందా?" రీనా నవ్వుతూ అడిగింది. పానీపూరీకి ఇక్కడి పేరు. అదే కోడ్.

"దొరుకుతుంది. ఉల్లిపాయలు లేకపోతేనే తింటాను." జవాబు.

రీనా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "దుర్గాభయ్యా విషయంలో నాకు చాలా బాధ అయ్యింది దీదీ. నీ సామాను అంతా నేనే దగ్గరుండి చూత్తాను. టెన్షన్ నహీ లేనా."

"అబ్బే, నాకెందుకు టెన్షన్," అంది బిందుప్రియ. ఆ పిల్ల కళ్ళలో తడి చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. దుర్గాప్రసాద్ కూడా నమ్మే ఉంటాడు.

సౌరభ్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఉంగరాల చేతులు. ఫారం చదవకుండానే తన సంతకం గీకేశాడు. ఇన్సూరెన్స్ వాళ్ళ గోల వల్ల యజమాని కూడా రోజూ సంతకం పెట్టాలట.

"ఏటి మేడమ్, భయమేత్తందా? కుచ్ నహీ హోగా. రూలు బుక్కు పట్టుకుని దిగినోళ్ళే చచ్చేది. నేను రెండేళ్ళ నుంచి ఒక్క చెక్ చెయ్యలేదు, చూడండి, ఎలా ఉన్నానో. మీరు పది మీటర్ల దగ్గర తాడు పట్టుకుని వీడియో తీసుకోండి. నేను కిందకెళ్ళి పది నిమిషాల్లో వచ్చేత్తాను."

"సూపర్ సార్! నాకూ చెకింగులంటే బోర్," అంది సింధు. లోపల లకుముకికి వాణ్ణి అక్కడే నీళ్ళలోకి తోసేయాలనిపించింది.

గుంట మధ్యలో ఖాళీ డ్రమ్ముల మీద పలకలు కొట్టిన తెప్ప ఉంది. దాని మీంచి అడుగుదాకా ఒక తాడు వేలాడుతోంది. మూడు గంటల ఇరవైకి ముగ్గురూ తెప్ప మీదికి చేరారు.

బిందుప్రియ సెల్ఫీ తీసుకుంటున్నట్టు నటిస్తూనే తన సిలిండర్ వాల్వ్ మొత్తం తెరిచింది. పీలిక ఒక కొనని నాబ్‌కి కట్టి, రెండో కొనని భుజం పట్టీ మీదుగా ముందుకి తెచ్చి ముడేసింది. నాబ్ కదిలితే గుడ్డ లాగుతుంది.

"ఇదేటి దీదీ?" రీనా అడిగింది.

"పైడితల్లి అమ్మవారి గుడ్డ. తీయకూడదు."

రీనా నవ్వింది. తర్వాత సౌరభ్ కోసం సిలిండర్ అందుకుంది. బిందుప్రియ ఓరగా చూసింది. నింపిన సిలిండర్లన్నిటి మూతి మీదా పసుపు టేపు అంటించి ఉంది. రీనా తీసినదాని మీద టేపు లేదు. వాడేసిన సిలిండర్ అది. ఇక సౌరభ్ గేజ్ చూస్తే మరీ విచిత్రం. వాల్వ్ ఇంకా తెరవకముందే ముల్లు నూట తొంభై చూపిస్తోంది.

గేజ్ చెడిపోయింది. ముల్లు ఎన్ని నెలల నుంచి అక్కడ ఇరుక్కుపోయిందో. యజమానిగారు ఒక్కసారీ చూసుకోలేదు. రీనా ఎప్పుడో చూసింది.

బిందుప్రియకి లెక్క అర్థమైంది. రీనా మనకీ పనిచేయడం లేదు, సౌరభ్‌కీ పనిచేయడం లేదు. కింద ఇద్దరూ చస్తే, తాడు పట్టుకుని దిగి సౌరభ్ చేతిలోని క్యాప్సూల్ తీసుకుని, బేరం ఆవిడే ఆడుతుంది.

సార్, మీ గేజ్ చూసుకోండి అని ఒక్క మాట అనొచ్చు. అంటే వ్లాగర్ వేషం ఊడుతుంది. అయినా వీడికెందుకు చెప్పాలి? దుర్గాప్రసాద్ శవం ముందు దొంగేడుపు ఏడ్చినవాడు. నలభై రెండు మందిని అమ్మేస్తున్నవాడు. ఆమె నోరు కట్టేసుకుంది.

రీనా ఆమె వీపుకి సిలిండర్ ఎత్తింది. పట్టీలు సర్దుతున్నట్టు సర్దుతూ ఉండగా భుజం ఎముక మీద గుడ్డ చురుక్కున లాగింది. మళ్ళీ లాగింది. మూడోసారి కూడా లాగి బిగిసింది.

"సబ్ ఠీక్ హై," అంది రీనా, సిలిండర్ మీద చరిచి.

బిందుప్రియ మౌత్‌పీస్ పెట్టుకుని గేజ్ చూస్తూ గట్టిగా నాలుగు ఊపిర్లు పీల్చింది. పీల్చినప్పుడల్లా ముల్లు వణికి కిందికి పడుతోంది. దుర్గాప్రసాద్‌ని చంపిన చెయ్యి ఇదే. ఆ చేతికే ఆమె బొటనవేలెత్తి ఓకే చూపించి, నీళ్ళలోకి దూకింది.

నీళ్ళు నెత్తి మీద మూసుకున్నాక ఆమె చేసిన మొదటి పని చెయ్యి వెనక్కి పెట్టి, గుడ్డ వెంట వేళ్ళు పోనిచ్చి, నాబ్ అందుకోవడం. మొత్తం తెరిచింది. మళ్ళీ నాలుగు ఊపిర్లు. ముల్లు కదల్లేదు. రెండు వందలు.

సౌరభ్ వెనక్కి చూడకుండా కిందికి పోతున్నాడు. ఆమె పది మీటర్ల దగ్గర ఆగినట్టు ఆగి, టార్చ్ ఆర్పేసి, అతని వెలుగు వెంట దిగింది.

ముప్ఫై రెండు మీటర్లు. నీళ్ళు చల్లగా సూట్‌లోకి దూరుతున్నాయి. రాళ్ళు నలగ్గొట్టే పాత యంత్రం ఒకటి పక్కకి ఒరిగి ఉంది. సౌరభ్ దాని క్యాబిన్ తాళం తీసి, వల సంచిలో ఉన్న స్టీలు క్యాప్సూల్ బయటికి లాగాడు. వెనక్కి తిరిగాడు. ఆమె కనిపించింది.

ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత కాలికి కట్టుకున్న కత్తి దూసి మీదికి వచ్చాడు. ఆమె పక్కకి జరిగింది. కత్తి భుజం దగ్గర సూట్‌ని చీరేసింది. రెండోసారి ఎత్తిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

సౌరభ్ పీల్చాడు. రాలేదు. మళ్ళీ పీల్చాడు. గేజ్ చేతిలోకి తీసుకుని చూశాడు. నూట తొంభై. దాన్ని అరచేత్తో కొట్టాడు. నూట తొంభై. అప్పుడు అతని కళ్ళు మాస్క్ వెనక పెద్దవయ్యాయి. కత్తీ సంచీ రెండూ వదిలేసి, చేత్తో మెడ మీద అడ్డంగా గీసుకుంటూ చూపించాడు. గాలి లేదు.

క్యాప్సూల్ బురదలోకి దిగుతోంది. ఆమె దాన్ని అందుకుని నడుముకి తగిలించుకుంది. పని అయిపోయింది. పైకి పోవడమే. వీడు బతికినా చచ్చినా అనవసరం అని చీఫ్ నోటితోనే చెప్పాడు.

ఒకటి. రెండు. మూడు. సౌరభ్ ఇంకా మెడ గీసుకుంటూనే ఉన్నాడు.

తెప్ప మీద ఆ ముల్లు చూసింది ఎవరు? తను. రీనా సంగతి రీనాది. కానీ చూసి ఊరుకున్నది తను. నాన్న మీద ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ దిక్కుమాలిన కథ చిన్నప్పుడు చెప్పకుండా ఉంటే ఈపాటికి సగం దూరం వెళ్ళిపోయి ఉండేది.

స్పేర్ మౌత్‌పీస్ తీసి వాడి నోట్లో కుక్కింది.

ప్రాణం లేచొచ్చిన సౌరభ్ మొదట చేసిన పని ఆమె నోట్లోది కూడా లాక్కోబోవడం. ఆమె వాడి మాస్క్ మీద ఒక్కటిచ్చింది. పట్టీ దొరకబుచ్చుకుని, కళ్ళలోకి చూస్తూ వేలెత్తి చూపించింది. నెమ్మదిగా. నాతోపాటు. లేకపోతే వదిలేస్తా. వాడికి అర్థమైంది. ఒక సిలిండర్, రెండు నోళ్ళు, మధ్యలో పచ్చి పగ. అలా తాడు పక్కనే పైకి బయల్దేరారు.

ఐదు మీటర్ల దగ్గర ఆమె ఆగింది. టైము మూడూ యాభై ఆరు. ముల్లు డెబ్బై. లోతు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ మూడు నిమిషాలు ఆగాలి, లేకపోతే ఒంట్లో ఇరుక్కున్న గాలి కీళ్ళ దగ్గర బుడగలు కడుతుంది. రెండేళ్ళుగా జనానికి డైవింగ్ నేర్పుతున్న సౌరభ్ ఆ ఆగడమే ఎరగడు. పైకి గింజుకుంటుంటే ఆమె పట్టీ పట్టుకుని కిందికి గుంజి, మూడు వేళ్ళు చూపించింది.

పైన తెప్ప నీడ. నీడ అంచున ఒక మనిషి వంగి చూస్తోంది. రెండు వరసల బుడగలు పైకి వెళ్తున్నాయి కదా. ఇద్దరూ బతికే ఉన్నారని రీనాకి తెలిసిపోయింది. ఆమె చేతిలో పొడుగ్గా ఉన్నది చేపల్ని కొట్టే బల్లెం తుపాకీ. ఒక్కసారి పేల్చాక మళ్ళీ ఎక్కించడానికి అరనిమిషం పడుతుంది.

మూడూ యాభై తొమ్మిది. ముల్లు నలభై.

బిందుప్రియ మార్కర్ బుడగలోకి గాలి ఊది, దాన్ని తెప్పకి దూరంగా వదిలింది. అది నీళ్ళు చీల్చుకుని నిటారుగా లేచింది. ఆమె తేలిందనుకుని రీనా అటు తిరిగి పేల్చేసింది. బల్లెం దిగి బుడగ బుస్సుమంది.

ఆ సరికే క్వారీ గట్టు మీద పొదల్లోంచి బైనాక్యులర్స్‌లో చూస్తున్న వెంకటరావు వైర్‌లెస్‌లో అరిచాడు. "ఎర్రజెండా! ఎర్రజెండా! దారి మూయండి!"

గేటు దగ్గరికి వచ్చిన నల్ల కారు రివర్స్ గేరు వేసేలోగా వెనక నుంచి చెత్త లారీ ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. టైము సరిగ్గా నాలుగు.

తెప్ప మీద రీనా రెండో బల్లెం ఎక్కిస్తోంది. వెనక వైపు నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచి ఆమె చీలమండ పట్టి లాగింది. దిగడానికి సిద్ధంగా నడుముకి ఎనిమిది కిలోల సీసం బెల్టు కట్టుకుని ఉందేమో, బుడుంగుమని మునిగింది. తలెత్తి కేక పెట్టింది.

"దీదీ! బెల్ట్! బెల్ట్ విప్పు!"

"నువ్వే కదా ఇన్‌స్ట్రక్టర్‌వి. ఎవరి బెల్టు వాళ్ళే విప్పుకోవాలని పిల్లలకి చెప్పలేదా?" అంది బిందుప్రియ. అంటూనే రీనా జుట్టు గుప్పెట పట్టుకుని, ముక్కు నీళ్ళ పైన ఉండేలా ఎత్తి ఉంచింది. రీనా తడుముకుంటూ బెల్టు విప్పుకునేదాకా వదల్లేదు. అవతల సౌరభ్ తెప్ప డ్రమ్ము పట్టుకుని రొప్పుతున్నాడు.

పావుగంట తర్వాత ఒడ్డు మీద బేడీలతో, స్ట్రెచర్ మీద పడుకుని సౌరభ్ అంత నీరసంలోనూ రంకెలేశాడు.

"నా సిలిండర్ ఎవడు చూసినాడు? నా గేజ్ ఎవడు చూసినాడు? అందరి మీదా కేసేత్తాను!"

బిందుప్రియ ఫారం తెచ్చి వాడి మొహం ముందు పెట్టింది. "తొమ్మిదో కాలమ్ చదువు. కింద సంతకం ఎవరిదో కూడా చదువు."

వెంకటరావు క్యాప్సూల్ చేతిలోకి తీసుకున్నాడు. మెచ్చుకునే మొహం పెట్టలేదు. "రీనా విషయంలో నువ్వు చెప్పింది... సరే. కానీ వీడికి గాలి పంచడమేంటి? నువ్వు చస్తే? క్యాప్సూల్ పోతే? నలభై రెండు ప్రాణాలు పణంగా పెట్టి ఈ వెధవని మోసుకొచ్చావా? రిపోర్ట్‌లో ఏం రాయమంటావు?"

"వాడి గేజ్ చెడిపోయిందని దిగకముందే చూశాను సార్. చూసీ చెప్పలేదు. అది నా తప్పని రాయండి. తర్వాత దిద్దుకున్నానని కూడా రాయండి."

చీఫ్ క్యాప్సూల్ జేబులో వేసుకున్నాడు. ఆమె వెళ్ళి తన సిలిండర్ ముందు కూర్చుంది. నాబ్‌కి తడిసిన ఎర్ర పీలిక ఇంకా అంటుకునే ఉంది. ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఏయ్! ముట్టుకోకు!" వెంకటరావు గుడ్లురిమాడు. "రీనా వాల్వ్ తిప్పిందనడానికి అదే ఎవిడెన్స్. ఫోరెన్సిక్ వాళ్ళు వచ్చి తీస్తారు."

"ఇది కట్టింది నేను సార్. నేనే తీయాలి."

"ఆర్డర్ వేస్తున్నాను. పక్కకి జరుగు."

బిందుప్రియ తడి చెయ్యి సూట్‌కి తుడుచుకుని, ఫోన్ తీసి నంబర్ నొక్కి, చీఫ్‌కి అందించింది.

"మాంగో లైన్‌లో ఉంది సార్. ఆ ఆర్డరేదో ఆయనకే వేయండి."

అవతల నుంచి "అలో, ఎవలు?" అని గట్టిగా వినిపించింది. వెంకటరావు ఫోన్ వైపు చూశాడు, ఎర్ర పీలిక వైపు చూశాడు, ఆనక ఫొటోగ్రాఫర్‌ని పిలిచి ఆ ముడికి నాలుగు ఫొటోలు తీయించి, తీసుకోమన్నట్టు చెయ్యి ఊపి, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.